వాతాపి జీర్ణం కానప్పుడు

(మా ఊరి గ్రంథాలయంలో పోయిన ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగానికి ఇది రాత రూపం. మాట్లాడినవారు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి రిటైరయిన మాస్టారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గిస్తే నా గొంతుకి కాస్త పని తగ్గుతుంది. ఆఁ, చాలు.

పోయిన నెల టీకాల గురించి మాట్లాడినప్పుడు చివర్లో ఒక అమ్మాయి లేచి ఒక ప్రశ్న వేసింది. డిగ్రీ చదువుతోందట. "మాస్టారూ, ఒంట్లో తెల్లకణాలు సైన్యంలా ఉంటాయి, క్రిములొస్తే మింగేస్తాయి అన్నారు కదా, మరి మా తాతయ్యకి టీబీ ఎలా వచ్చింది, ఆ సైన్యం ఏం చేస్తోంది?" అని. నేనేమో టైమైపోయిందని తప్పించుకున్నాను. నిజంగా టైమయిపోయిందనుకోండి, కానీ అది రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కూడా కాదు. అందుకని ఇవాళ గంటా ఆ పిల్ల ప్రశ్నకే. వచ్చావామ్మా? ఆఁ, ఉన్నావు. మంచిది.

ఆ మూల బల్ల మీద నా పాత మైక్రోస్కోపు పెట్టాను. ఇప్పుడే ఎవరూ వెళ్లి తిప్పకండి, చివర్లో అందరికీ చూపిస్తాను. తమ్ముడూ, నీకే చెప్తున్నా.

సరే. చిన్నప్పుడు మనందరికీ పాలు పట్టాక అమ్మో అమ్మమ్మో పొట్ట నిమురుతూ ఒక మాట అనేవాళ్లు, గుర్తుందా? "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం." కథ తెలుసు కదా. ఇల్వలుడు తమ్ముణ్ణి మేకగా మార్చి వండి అతిథులకు పెట్టేవాడు, వాళ్లు తిన్నాక "వాతాపీ, బయటికి రా" అని పిలిచేవాడు, వాడు పొట్ట చీల్చుకుని వచ్చేవాడు. అతిథి ఖతం. అగస్త్యుడు మాత్రం తినగానే పొట్ట నిమురుకుని, జీర్ణం అనేశాడు, పిలిచినా వాడు రాలేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఇదే కథ. మన తెల్లకణం అతిథి, బ్యాక్టీరియా వాతాపి. మింగడం ఒక్కటే సరిపోదు, అరగాలి. మింగడానికీ అరగడానికీ మధ్య ఏం జరుగుతుంది, అక్కడ క్రిమి ఎక్కడ అడ్డుపుల్ల వేస్తుంది? అదీ విషయం.

ముందు మీకు బాగా తెలిసిన చీముతో మొదలుపెడతాను. ముఖాలు అలా పెట్టకండి, ఇంకా టీ రాలేదు కదా. ఇక్కడ సెగగడ్డ లేవనివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు. ఎండాకాలంలో పిల్లలకి లేస్తే మామిడిపళ్ల వేడి అంటాం. మామిడిపండు తప్పేమీ లేదు పాపం. చెమట, గోకుడు, ఆ గోకిన చోటునుంచి లోపలికి దూరిన స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా. అది గుండ్రటి క్రిమి, మైక్రోస్కోపులో చూస్తే ద్రాక్షగుత్తిలా కనబడుతుంది, ఆ పేరుకి అర్థం కూడా అదే. గడ్డ పగిలాక వచ్చే చీము ఏమిటి? చాలావరకు చచ్చిపోయిన తెల్లకణాలు. నూట్రోఫిల్స్ అంటాం. మన ఎముకల్లోని మూలుగ రోజుకి సుమారు 10,000 కోట్ల నూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. రోజుకి! చీముని ఎప్పుడైనా పరీక్షగా చూస్తే కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఆ ఆకుపచ్చ క్రిమిది అనుకుంటాం. చాలాసార్లు అది మనదే. నూట్రోఫిల్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ రంగు అది. దాని పనేమిటో చెప్తే ఆశ్చర్యపోతారు.

నూట్రోఫిల్ క్రిమిని మింగగానే ఆ క్రిమి చుట్టూ ఒక సంచి ఏర్పడుతుంది. ఆ సంచిలోకి ఈ కణం ఒక్కసారిగా ఆక్సిజన్‌ని లాగి దాన్ని ఘాటైన రసాయనాలుగా మారుస్తుంది, అందులో ఒకటి హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆ పచ్చ ఎంజైమ్ దాన్ని ఉప్పులోని క్లోరిన్‌తో కలిపి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది. ఇదేమిటో కెమిస్ట్రీ మాస్టారు చెప్పాలి. ఆఁ, అదే. పంచాయతీవాళ్లు బావిలో చల్లే బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కలిస్తే పుట్టేది అదే. అంటే మీ ఒంట్లో, ఇప్పుడు మీరిలా కూర్చుని ఉండగానే, కంటికి కనబడనంత చిన్న సంచుల్లో బ్లీచింగ్ జరుగుతోంది. దీనికి తోడు ఇంకో రకం సంచులుంటాయి, లైసోసోమ్‌లంటాం, ఆమ్లం, అరిగించే ఎంజైములు నిండా ఉంటాయి. అవి వచ్చి క్రిమి ఉన్న సంచితో కలిసిపోతాయి. పట్టుకోవడం, మింగడం, బ్లీచింగ్, అరిగించడం. నాలుగు మెట్లు.

ఈ మింగుడు వ్యవహారాన్ని మొదట సరిగ్గా పట్టుకున్నది రష్యన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన మెచ్నికాఫ్ అనే ఆయన. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కి వెళితే ఈయన ఒక్కడే మిగిలి, సముద్రపు నక్షత్రచేప పిల్ల ఒంట్లోకి గులాబీ ముల్లు గుచ్చాడు. ఆ పిల్ల గాజులా ఉంటుంది, లోపల జరిగేది కనబడుతుంది. తెల్లారేసరికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. అంతే, దానిమీద జీవితమంతా పనిచేశాడు, 1908లో నోబెల్ వచ్చింది. ఇంట్లోవాళ్లు సర్కస్‌కి పిలిచినప్పుడు వెళ్లకపోతే ఒక్కోసారి లాభమే.

ఇప్పుడు క్రిమి వైపు నుంచి ఆలోచించండి. మెట్లు నాలుగే, అవేమిటో కోట్ల ఏళ్లుగా దానికి తెలుసు. తెలుసు అంటే దానికి బుర్ర ఉందని కాదు. దొరికిపోయినవి చచ్చాయి, ఎలాగో తప్పించుకున్నవి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలకి ఆ తప్పించుకునే గుణం వచ్చింది. మరి ఏ మెట్టు దగ్గర తప్పించుకోవాలి? ఒక్కో క్రిమి ఒక్కో మెట్టు చూసుకుంది.

మొదటి మెట్టు, అసలు పట్టుబడకపోవడం. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ దీంట్లో ఆరితేరింది. దాని ఒంటి చుట్టూ చక్కెర గొలుసులతో చేసిన ఒక మందపాటి పొర ఉంటుంది, క్యాప్సూల్ అంటాం. జారుడు. చేపని వట్టి చేత్తో పట్టుకున్నారా ఎప్పుడైనా? బురదమట్టనైతే ఇంకా కష్టం. పొలుసుకి బూడిద రాస్తేగానీ చేతిలో నిలవదు. మన ఒంట్లో ఆ బూడిద యాంటీబాడీలు, కాంప్లిమెంట్ ప్రోటీన్లు. అవి క్రిమికి అంటుకుంటే తెల్లకణానికి పట్టు దొరుకుతుంది. అలా అంటుకునేవాటికి ఆప్సొనిన్ అని పేరు, గ్రీకులో ఆ మూలపదం అన్నంలో నంజుకునేదానికి వాడతారట. వట్టి ముద్ద దిగదు, కాస్త ఆవకాయ తగిలించాలి. అంతే సంగతి. క్యాప్సూల్ చేసేదేమిటంటే ఆ ఆవకాయని తగలనివ్వదు, తగిలినా పొర కింద దాచేస్తుంది.

దీనిమీద నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. 1930 ప్రాంతంలో, అప్పటికింకా పెన్సిలిన్ వైద్యంలోకి రాలేదు, న్యూయార్క్‌లో ఏవరీ, డ్యూబో అని ఇద్దరు. డ్యూబో మట్టి మనిషి, అంటే మట్టిలోని క్రిముల మీద పనిచేసినవాడు. క్యాప్సూల్ చక్కెరతోనే కదా చేసింది, మరి ప్రపంచంలో అవి ఎక్కడా పేరుకుపోలేదేం, మట్టిలో వాటిని తినే క్రిమి ఏదో ఉండే తీరాలి అనుకున్నాడు. వెతికితే క్రాన్‌బెర్రీ పండే చిత్తడి నేలలో దొరికింది. దాని ఎంజైమ్‌ని తీసి, న్యుమోకాకస్ ఎక్కించిన ఎలుకలకి ఇచ్చారు. ఎలుకలు బతికాయి. ఇక్కడ కాస్త ఆగండి. ఆ ఎంజైమ్ న్యుమోకాకస్‌ని చంపలేదు. ఒక్కదాన్ని కూడా చంపలేదు. కేవలం పై పొర ఒలిచింది. చంపింది ఎవరు? ఎలుక తెల్లకణాలే. అప్పటిదాకా చేతగాని కణాలు, తొక్క ఒలిచి చేతిలో పెడితే లటుక్కున తినేశాయి.

ఈ మాట ఇవాళ మళ్లీ మళ్లీ అంటాను, విసుక్కోకండి. మన కణానికి బలం చాలక కాదు. క్రిమి దారికి అడ్డంగా తలుపేసుకుంది. ఆ తలుపు తీస్తే పని జరుగుతుంది. ఇప్పుడు పిల్లలకి వేసే న్యుమోకాకల్ టీకా, పీసీవీ అంటారు, అది చేసేది కూడా ఇదే. ఆ క్యాప్సూల్ చక్కెరని ఒక ప్రోటీన్‌కి అతికించి ముందే చూపిస్తారు, పొరకే అంటుకునే యాంటీబాడీలు తయారవుతాయి. దొంగ వేసుకున్న ముసుగుని బట్టే దొంగని పట్టుకోవడం. అయితే ఇలాంటి ముసుగులు దాదాపు 100 రకాలున్నాయి, టీకాలో కొన్నే ఉంటాయి, అదొక తలనొప్పి.

ఇక మన సెగగడ్డ క్రిమి, స్టాఫ్ ఆరియస్. ఆరియస్ అంటే బంగారం. ప్లేటు మీద పెంచితే పసుపు కలిపిన వెన్న బొట్లలా, నున్నగా, ఉబ్బెత్తుగా వస్తుంది. ముప్పై ఏళ్లు పిల్లలకి "బంగారు రంగు ఉంటే ఆరియస్ అని రాయండి, మార్కులొస్తాయి" అని చెప్పాను. ఆ రంగు దానికెందుకు అని నన్నెవరూ అడగలేదు, సిగ్గు లేకుండా చెప్తున్నాను, నేనూ అడగలేదు. 2005లో కాలిఫోర్నియాలో ఒక బృందం అడిగింది. రంగు తయారుచేసే జన్యువు తీసేస్తే క్రిమి తెల్లబోయింది, అక్షరాలా తెల్లబోయింది, ఆ తెల్లవాటిని నూట్రోఫిల్స్ సులువుగా చంపేశాయి. ఆ రంగు క్యారెట్‌లో ఉండే రంగుకి చుట్టం, ఆక్సిజన్ ఘాటుని తను పీల్చుకుని క్రిమిని కాపాడుతుంది. అంటే మన బ్లీచింగ్‌కి అది రెయిన్‌కోటు. దీనికి రుజువు ఇంకా బాగుంటుంది. పుట్టుకతోనే ఈ బ్లీచింగ్ శక్తి లేని పిల్లలు కొందరుంటారు, వాళ్ల కణాలు మింగుతాయి కానీ ఆ ఆక్సిజన్ మంట పుట్టించలేవు. అలాంటి మనిషి రక్తంలో వేస్తే బంగారు క్రిమికీ తెల్ల క్రిమికీ తేడానే లేదు, రెండూ సమానంగా బతికాయి. వర్షమే లేనిచోట రెయిన్‌కోటు ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

స్టాఫ్ దగ్గర ఇదొక్కటే అనుకోకండి. దాని ఒంటి మీద ప్రోటీన్-ఏ అని ఒకటుంటుంది, అది మన యాంటీబాడీని తలకిందులుగా పట్టుకుంటుంది. తెల్లకణం పట్టుకోవాల్సిన పిడిని క్రిమే పట్టేసుకుంటుంది, ఇంక మన కణానికి అందేదేముంది? నూట్రోఫిల్ ఒక్కోసారి చివరి అస్త్రంగా తన డీఎన్ఏనే వలలా బయటికి విసురుతుంది, ఇది 2004లో బెర్లిన్‌లో కనిపెట్టారు. స్టాఫ్ దగ్గర ఆ వలని కత్తిరించే ఎంజైమ్ ఉంది. తెల్లకణాలకి చిల్లులు పొడిచే విషాలూ ఉన్నాయి. అందుకే గడ్డలో అంతమంది సైనికుల శవాలు. ఒకే క్రిమి, అయిదారు ఎత్తులు. చదరంగం ఆడేవాళ్లకి తెలుస్తుంది, ఇలాంటి ఆటగాడితో ఎంత టెన్షనో.

టీ వచ్చినట్టుంది. అందరికీ అందించండి, నేను ఆపను, మీరు తాగుతూ వినండి. చీము అయిపోయింది, ఇప్పుడు ఫరవాలేదు.

టీబీకి వస్తున్నాను. టీబీ క్రిమి ఏం చేస్తుంది? తప్పించుకోదు. దాక్కోదు. పరుగెత్తదు. మింగు నాయనా అని నోరు దగ్గరకే వస్తుంది. ఇంకొకరి దగ్గులోంచి గాల్లో తేలివచ్చి ఊపిరితిత్తి లోపలి చివరి గదుల్లో దిగుతుంది, అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ అనే పెద్ద కణం దాన్ని శుభ్రంగా మింగుతుంది. వాతాపి లోపలికి వెళ్లాడు. ఇప్పుడు లైసోసోమ్‌లు రావాలి, ఆమ్లం రావాలి, జీర్ణం కావాలి. రావు. క్రిమి ఉన్న సంచి దగ్గరికి అవి రాకుండా ఆపేస్తుంది.

ఈ సంగతి ఎలా తెలిసిందో చెప్తే సరదాగా ఉంటుంది. 1971లో లండన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అని ఇద్దరు. మాక్రోఫేజ్ లైసోసోమ్‌లలో ముందే ఫెర్రిటిన్ నింపారు, అది ఇనుము ఉన్న ప్రోటీన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నల్లటి చుక్కల్లా కనబడుతుంది. హోలీనాడు దొంగ మీద రంగు చల్లినట్టు. తర్వాత టీబీ క్రిముల్ని మింగించి కోసి చూశారు. చచ్చిన క్రిమి ఉన్న సంచుల్లో నల్లచుక్కలు నిండా ఉన్నాయి, అంటే లైసోసోమ్ వచ్చి కలిసింది. బతికున్న క్రిమి సంచుల్లో చాలావాటిలో చుక్క లేదు. మామూలుగా అలాంటి సంచిలో ఆమ్లం బాగా పెరిగి పీహెచ్, అంటే ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత, 5 దాకా, ఇంకా కిందికి కూడా పడాలి. టీబీ క్రిమి ఉన్న సంచిలో 6.4 దగ్గరే ఆగిపోతుంది. పులిసిన మజ్జిగకీ పాలకీ ఉన్నంత తేడా అనుకోండి. మన కణంలో సంచుల రాకపోకలకి చిరునామా చీటీల్లాంటి కొవ్వు అణువులుంటాయి, క్రిమి ఒక ఎంజైమ్ వదిలి ఆ చీటీ చింపేస్తుంది. లైసోసోమ్ అనే పోస్ట్‌మాన్‌కి ఇల్లు దొరకదు.

అయితే నేను మీకు కథ మరీ సులువుగా చెప్పేస్తున్నాను, ఆ ఇద్దరే 1975లో దీనికి ఒక మెలిక పెట్టారు. క్రిములకి ముందే యాంటీబాడీలు పట్టించి మింగిస్తే లైసోసోమ్‌లు వచ్చి కలిశాయి. ఆహా, ఇంకేం, చచ్చింది అనుకున్నారు. చావలేదు! ఎందుకంటే దాని ఒంటి మీద మైకాలిక్ ఆమ్లాలతో కట్టిన మైనపు గోడ ఉంది. ఒక తలుపు తెరిస్తే లోపల ఇంకో తలుపు. అంటే పైన న్యుమోకాకస్ విషయంలో పనికొచ్చిన మందు ఇక్కడ పనికిరాలేదు.

ఆ మైనం సంగతి నాకు చేతుల్తో తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పని తెమడ స్లైడ్లు చూడటం. గాజు మీద తెమడ పలచగా పూసి, ఆరబెట్టి, కార్బల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పోసి, కింద దీపం పెట్టి వేడి చేయాలి. ఆవిరి రావాలి, మరగకూడదు. వేడెందుకు? మైనంలోకి రంగు మామూలుగా ఎక్కదు. తర్వాత ఆసిడ్ పోస్తే మిగతా అన్నిటి రంగూ పోతుంది, దీనిది పోదు, ఎక్కడం ఎంత కష్టమో దిగడం అంత కష్టం. చివర్లో నీలం రంగు వేస్తే నీలం మైదానంలో సన్నటి ఎర్ర పుల్లలు. నేను మొదటి వారంలోనే బద్ధకించి దీపం పెద్దది చేసి రంగు మరగబెట్టేశాను, స్లైడంతా ఎర్ర గింజలు గింజలు, ఏది క్రిమో ఏది రంగు చెత్తో తెలియలేదు. మా పెద్దాయన ఆ స్లైడ్ చూసి ఒక్క మాట కూడా అనకుండా నా ముందే చెత్తబుట్టలో వేసి, మళ్లీ తెమడ డబ్బా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. 1952 నుంచి వాడుతున్న ఐసోనియాజిడ్ అనే టీబీ మందు సరిగ్గా ఈ మైనం తయారీనే ఆపుతుంది.

మళ్లీ లోపలికి వెళదాం. సంచిలో కూర్చున్న క్రిమి అక్కడితో ఆగదు, ఈఎస్ఎక్స్-1 అనే ఒక పంపులాంటి ఏర్పాటుతో ప్రోటీన్లు వదిలి ఆ సంచికి చిల్లులు పొడుస్తుంది. ఇది లేకపోతే ఏమవుతుందో మన భుజాల మీదే రాసి ఉంది. బీసీజీ మచ్చ లేనివాళ్లు ఇక్కడ తక్కువ. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అని ఇద్దరు 1908 నుంచి 1921 దాకా, 13 ఏళ్లు, ఆవుల టీబీ క్రిమిని బంగాళదుంప మీద 230 సార్లు మార్చి మార్చి పెంచారు. మధ్యలో ప్రపంచయుద్ధం వచ్చినా ఆపలేదు. అది నెమ్మదిగా సాధువైపోయింది. ఎందుకైందో వాళ్లకి తెలియదు. దశాబ్దాల తర్వాత జన్యువులు చదివితే తేలింది, దాన్లో పోయిన ముఖ్యమైన ముక్క ఈ పంపుకి సంబంధించిందే. చిల్లు పొడిచే ఆయుధం పారేసుకున్న టీబీ క్రిమే మన టీకా. మన దేశంలో 1948లో బీసీజీ మొదలుపెట్టినప్పుడు తొలిగా వేసినచోట్లలో మన మదనపల్లె ఒకటి, అక్కడ ఆరోగ్యవరం శానటోరియం ఉంది కదా, గాలి మంచిదని రోగుల్ని పంపేవాళ్లు. ఈ టీకా పసిపిల్లల్లో మెదడుకి పాకే టీబీని బాగా ఆపుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని మాత్రం నమ్మకంగా ఆపలేకపోతోంది.

మరి మన ఒళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? లేదు. కొన్ని వారాల్లో టీ-కణాలనే ఇంకో రకం తెల్లకణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సందేశం ఇస్తాయి, దాంతో మాక్రోఫేజ్‌కి ఊపొస్తుంది, ఆగిపోయిన సంచులు కదులుతాయి, కొన్ని క్రిములు చస్తాయి. చావనివాటి చుట్టూ కణాలు దడి కడతాయి. దానిపేరు గ్రాన్యులోమా. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగోవంతు మందికి ఈ క్రిమి ఒంట్లో చేరిన గుర్తులుంటాయని అంచనా, వాళ్లలో జబ్బు పడేది జీవితం మొత్తం మీద నూటికి అయిదు నుంచి పదిమంది. అంటే, అమ్మా, నీ ప్రశ్నకి సగం జవాబు ఇది, ఆ సైన్యం చాలామందిలో పనిచేస్తూనే ఉంది. ఆ టీ-కణాల్ని హెచ్‌ఐవీ తినేస్తే దడి కూలుతుంది, అందుకే ఆ రెండు జబ్బులు జంటగా తిరుగుతాయి. కీళ్లవాతానికి వాడే ఒక రకం ఇంజెక్షన్లు ఈ దడిని నిలబెట్టే టీఎన్ఎఫ్ అనే అణువుని ఆపుతాయి, అవి వచ్చిన కొత్తలో, 2001లో, వాటి తర్వాత టీబీ బయటపడ్డ 70 కేసుల్ని ఒకచోట చేర్చి ప్రచురించారు. ఇప్పుడు ఆ ఇంజెక్షన్ ముందు టీబీ పరీక్ష చేయిస్తారు. షుగరు అదుపులో లేకపోయినా దడి బలహీనపడుతుంది. మీ తాతయ్యకి షుగరు ఉందా? ఉంది. ఆఁ.

దడి అన్నాను కదా, ఆ దడి ఎవరి మేలుకి? మాకు కాలేజీలో చెప్పింది, నేను పిల్లలకి చెప్పింది, అది మన రక్షణ గోడ అని. లలితా రామకృష్ణన్ అని బరోడాలో పెరిగిన శాస్త్రవేత్త ఉన్నారు, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో. ఆవిడ జీబ్రాఫిష్ పిల్లల్లో చూశారు, మళ్లీ గాజులాంటి చేపపిల్ల, మెచ్నికాఫ్ పద్ధతే, టీబీకి దగ్గరి చుట్టమైన క్రిమితో. ఆ దడి తొలిదశలో ఏం జరుగుతోంది? క్రిమి తినేసిన కణం చచ్చిపోతే, దాన్ని శుభ్రం చేయడానికి కొత్త మాక్రోఫేజ్‌లు వస్తున్నాయి, వచ్చి శవంతో పాటు క్రిముల్నీ మింగుతున్నాయి, ఒక్కో శవానికి ఇద్దరు ముగ్గురు కొత్త అతిథులు. అంటే క్రిమి పిలిపించుకుంటోంది! ఇల్వలుడి భోజనాల పంక్తి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగే కాపలావాళ్లని డ్యూటీకి రప్పిస్తున్నాడు.

అందుకే టీవీలో "ఇమ్యూనిటీ పెంచుకోండి" అని పొడి డబ్బాలు అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏ ఇమ్యూనిటీ? ఎంత? ఏ మెట్టు దగ్గర? టీబీ రోగి ఊపిరితిత్తిలో గుంత పడుతుంది చూడండి, ఎక్స్‌రేలో నల్లగా, ఆ గుంత తవ్వేది ఎక్కువభాగం మన ఇమ్యూనిటీయే. అందులోంచే క్రిములు దగ్గుతో బయటికొచ్చి ఇంకొకరి ఇంటికి వెళతాయి. హెచ్‌ఐవీ ముదిరి టీ-కణాలు బాగా తగ్గినవాళ్లలో ఆ గుంతలు తక్కువ పడతాయి, విచిత్రం కదా. ఎక్కువ ఉంటే మంచిది అనే లెక్క ఇక్కడ పనిచేయదు. మంచి తిండి తినాలి, అందులో రెండో మాట లేదు, తిండి లేనివాళ్లకే టీబీ ఎక్కువ. కానీ అది డబ్బాలో రాదు.

టైఫాయిడ్ గురించి కాస్తే చెప్తాను, హైదరాబాద్ సంబంధం ఉంది కాబట్టి. ఆ క్రిమికి టీబీ తెలివీ ఉంది, న్యుమోకాకస్ తెలివీ ఉంది. మాక్రోఫేజ్ లోపల బతుకుతుంది, సూదిలాంటి దానితో కణంలోకి తన ప్రోటీన్లు గుచ్చి ఆ సంచిని తనకి నచ్చినట్టు మార్చుకుంటుంది, బయట ఉన్నప్పుడు వీఐ అనే చక్కెర పొర కప్పుకుంటుంది. 1934లో కనిపెట్టారు ఆ పొరని. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైఫాయిడ్ టీకా ఆ వీఐ పొరనే ప్రోటీన్‌కి అతికించి చేసింది, నేపాల్ పిల్లల్లో చేసిన పెద్ద పరీక్షలో మొదటి ఏడాది 80 శాతం పైగా కాపాడింది. కానీ పారాటైఫాయిడ్-ఏ క్రిమికి ఆ పొర లేదు, దానిమీద ఈ టీకా పనిచేయదు. ముసుగు లేని దొంగని ముసుగు బట్టి ఎలా పడతాం?

ఇంకో ప్రశ్న ఎవరో చీటీ పంపారు. "టీబీ మందులు ఆరు నెలలు ఎందుకు, రెండు నెలలకే దగ్గు పోతుంది కదా?" మంచి ప్రశ్న. మామూలు పేగుల్లోని ఈ-కోలై అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకి రెండవుతుంది, టీబీ క్రిమికి సుమారు ఇరవై గంటలు పడుతుంది. దడి లోపల ఉన్నవి అసలు పెరగకుండా ముడుచుకుని కూర్చుంటాయి. మందులు పెరిగేవాటిని తొందరగా చంపుతాయి, ముడుచుకున్నవాటిని చంపడానికి నెలలు పడుతుంది. దగ్గు తగ్గేది మొదటివి చచ్చినందుకు. మిగిలినవి వింటూ కూర్చుంటాయి, ఇల్వలుడి పిలుపు కోసం. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వేసుకున్నవాళ్లకి మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానికి భయపడి మానేసినవాళ్లని నేను చూశాను. రక్తం అనుకున్నారు పాపం, ఎవరూ ముందు చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే మొదటిరోజే చెప్పండి, ఆ రంగు మందుది అని.

సరే, ఇంక లేవండి, వరసగా రండి, మైక్రోస్కోపు దగ్గరికి. ముందు ఆ అమ్మాయిని రానివ్వండి, ప్రశ్న తనది. భయం లేదు, స్లైడ్ మీదవి ఎప్పుడో చచ్చినవి. కళ్లద్దాలున్నవాళ్లు తీసి చూడండి. కుడివైపు పెద్ద మర తిప్పొద్దు, లెన్సు స్లైడ్ మీద దిగితే గాజు పగులుతుంది, చిన్నది కొంచెం కొంచెం తిప్పుకోండి. నీలంగా పెద్దగా కనబడేవి మన కణాలు. ఎర్రటి పుల్ల ఒకటి, కొంచెం వంగి ఉంటుంది, వెంటనే కనబడదు, కాసేపు చూడాలి. ఆ పెద్ద నీలం కణానికి ఎడమ పక్కన... కాదమ్మా, పక్కన కాదు. లోపల చూడు.